గుమ్మం బయట నిలబడి పాడిన నరసమ్మ ఆంటీ

అప్పలనరసమ్మగారు ఇక లేరు. టోవా పాయో నుంచి చోవా చూ కాంగ్ దాకా, ఈ సింగపూర్ ద్వీపంలో తెలుగు మాట వినబడే ఇళ్ళన్నిటిలోనూ 'నరసమ్మ ఆంటీ'గా మసలిన ఆ మాతృమూర్తి గత ఆదివారం ఉదయం ఆసుపత్రిలో తుదిశ్వాస విడిచారు. 'తుదిశ్వాస' అనే మాటను ఎన్ని సంతాప సందేశాల్లో అలవాటుగా చదివి దాటేశానో! ఈసారి రాస్తుంటే చెయ్యి ఆగిపోయింది. ఊపిరి విషయంలో ఆమెకూ మా ఇంటికీ మధ్య ఉన్న కథ తెలిసినవారికి ఎందుకో అర్థమవుతుంది. తెలియనివారి కోసమే ఈ నాలుగు మాటలు.

ఆ ఉదయం నేను వంటింట్లో ఉండగా ఆమె కొడుకు గోపాల్ ఫోన్ చేశాడు. "అక్కా, అమ్మ ఎల్లిపోయింది అక్కా. లంగ్స్ రెండూ ఫెయిల్ అయిపోనాయి. ఐసీయూలో శానా ట్రై సేసినారు" అన్నాడు. అతన్ని ఓదార్చాల్సిందిపోయి నేను వాదనకు దిగాను. "మొన్న బుధవారమే మాట్లాడాను కదా గోపాల్, గొంతు ఖంగుమంటోంది!" అన్నాను, నా దగ్గర సాక్ష్యముంది కాబట్టి ఆ చావు చెల్లదన్నట్టు. ఆ గొంతు సంగతి అతనికి నాకంటే బాగా తెలుసు.

ఆమె ఈ గడ్డమీదే పుట్టారు. తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి, రబ్బరు తోటల్లో పనిచేసి, చివరికి సింగపూర్ రేవులో స్థిరపడ్డారట. ఆయన వెంట తెచ్చుకున్న తెలుగును ఆమె భద్రంగా కాపాడుకున్నారు. కాకపోతే దానికి దారిలో కాస్త అరవమూ, కాస్త మలయ్ భాషా అంటుకున్నాయి. ఎవరింటికి వెళ్ళినా చెప్పులు విప్పకముందే "ఏటమ్మా, మకాన్ అయిందా?" అని కేకేసేవారు. తిన్నామంటే నమ్మేవారు కాదు. ఉద్యోగాల కోసం నిన్నగాక మొన్న విమానం దిగిన మాలాంటివాళ్ళ భాష విని, "మీది టీవీ తెలుగు. మాది తాత తెలుగు లా!" అని, ఇక్కడివాళ్ళు ప్రతి మాట చివరా తగిలించే ఆ 'లా'తో సహా, మురిసిపోయేవారు. నేను గుంటూరుదాన్ని, భాష విషయంలో ఒక మాట పడే రకాన్ని కాదు. ఆమె ముందు మాత్రం నోరు మెదపలేకపోయేదాన్ని.

ఉద్యోగ జీవితమంతా ఒక పెద్ద హోటల్లో టెలిఫోన్ ఆపరేటర్‌గా గడిపారు. ఒంట్లో జ్వరమున్నా, ఇంట్లో గొడవలున్నా ఫోనెత్తితే ఆ గొంతులో ఏమీ బయటపడేది కాదు. "మన జలుబు కస్టమర్‌కి ఇనబడకూడదమ్మా, అది మా ట్రైనింగు" అని గర్వంగా చెప్పేవారు. ఆ ఉద్యోగం ఆమెకు ఇంకో విద్య కూడా నేర్పింది: అవతలివాళ్ళు తడబడితే తొందరపెట్టకుండా కాచుకోవడం. ఎవరైనా మాట మధ్యలో ఆగితే, కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "నిదానం, నేను లైన్‌లోనే ఉన్నాను" అనేవారు. ఎదురుగా కూర్చున్నవాళ్ళతో కూడా అదే మాట. మొదట్లో మేము వెక్కిరించేవాళ్ళం, తర్వాత తర్వాత ఆ మాట కోసమే ఆమె దగ్గరికి వెళ్ళేవాళ్ళం.

ఆ గొంతుకు మరో కర్తవ్యం ఉండేది. మనవాళ్ళింట బారసాల అంటే నరసమ్మ ఆంటీ రావలసిందే. బిడ్డను ఉయ్యాల్లో వేశాక ఆమె వంగి, చెవికి పెదవులానించి, తన నాయనమ్మ పాడిన జోలపాటలో మొదటి చరణం గుసగుసగా పాడేవారు. అది చుట్టూ ఉన్నవాళ్ళకు వినబడదు. ఆ తర్వాతే గొంతెత్తి అందరికీ పాడేవారు. "మొదటి పాట సెవిలోనే పడాల. నలుగురికీ ఇనబడితే అది పిల్లది కాదు, పేరంటానిది" అన్నది ఆమె సిద్ధాంతం. "గాలి నీ చుట్టమే, గుమ్మాన నిలిచింది, లోనికి రమ్మందువా..." అంటూ మొదలయ్యే ఆ చరణం చాలా పొడుగు. దాన్ని ఒకే ఊపిరిలో పాడాలని వాళ్ళింటి ఆచారం. మధ్యలో ఊపిరి పీలిస్తే బిడ్డ నిద్ర చెదురుతుందట. ఈ ఊళ్ళో ఎందరు పిల్లల చెవుల్లో ఆ చరణం పడిందో! వాళ్ళిప్పుడు కాలేజీల్లో చదువుతున్నారు, సైన్యంలో శిక్షణ పొందుతున్నారు, పెళ్ళిళ్ళు చేసుకుంటున్నారు.

మా అమ్మాయి వెన్నెల బారసాల చోవా చూ కాంగ్‌లో మా ఫ్లాట్‌లోనే జరిగింది. ఇల్లు కిటకిటలాడిపోయింది. వచ్చిన ప్రతివారూ బిడ్డను ఎత్తుకున్నారు, బుగ్గలు పుణికారు, ముద్దులాడారు. చీమిడి ముక్కుల పిల్లలు ఉయ్యాల చుట్టూ పరుగులు తీశారు. మనవాళ్ళ వేడుకంటే అంతే కదా! ఆంటీకి ఆ రోజు కాస్త గొంతు పట్టింది, ముక్కు కారుతోంది. మా వంటింట్లోనే మిరియాల కషాయం కాచుకుని తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, ఉయ్యాల మీదికి వంగి పాడారు. పాట బాగా కుదిరింది. ఆమె ముక్కు సంగతి ఆమెతో సహా ఎవరూ పట్టించుకోలేదు.

కొద్ది రోజులకే వెన్నెల పాలు తాగుతూ తాగుతూ వదిలేయడం మొదలుపెట్టింది. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం గుంటలు పడేది. ఆసుపత్రిలో పరీక్ష చేసి 'ఆర్‌ఎస్‌వీ' అన్నారు. పెద్దవాళ్ళకు సోకితే ముక్కు కారి ఊరుకునే వైరస్సే. పసిగుడ్ల ఊపిరితిత్తుల్లో సన్నని గొట్టాలను మాత్రం వాపుతో, తెమడతో మూసేస్తుంది. నా బిడ్డ ముక్కుకు ఆక్సిజన్ గొట్టం, కాలి వేలికి ఎర్రగా వెలిగే క్లిప్పు పెట్టారు. ఏడవడానికి దానికి ఊపిరి లేదు. బిడ్డ ఏడుపు వినాలని దేవుడికి మొక్కుకున్న తల్లిని నేను.

ఆంటీ వార్డు బయట కారిడార్‌లో నిలబడిపోయారు. నా భర్త రవి లోపలికి రమ్మన్నా రాలేదు. డాక్టర్ బయటికొచ్చినప్పుడు ఆమే అడిగారు: "డాక్టర్, ఆ రోజు నాకు జలుబు. నా వల్లే అంటుకుందా?" ఆయన నెమ్మదస్తుడు. "అంతమంది వచ్చారు కదా ఆంటీ, ఎవరి నుంచి వచ్చిందో ఎవ్వరూ చెప్పలేరు" అన్నారు. మేమూ అదే నమ్మాం, ఇప్పటికీ అదే నమ్ముతాం. వెన్నెలను ఇంటికి తెచ్చాక ఒక రోజు ఆమె నాతో అన్నారు: "ఎవరి వల్లో తెల్దన్నాడు డాక్టరు. తెల్దంటే నా వల్ల కాదని కాదు గదమ్మా."

ఆ రోజే ఆమె తనకు తానే ఒక శిక్ష వేసుకున్నారు. ఇక ఏడాది నిండని ఏ బిడ్డనూ ముట్టుకోరు, ఏ ఉయ్యాల మీదికీ వంగరు. బారసాలలకు పిలుపులు వస్తూనే ఉన్నాయి, ఆమె వెళ్తూనే ఉన్నారు. ఇనుప గేటుకు ఇవతల, చెప్పుల అరల పక్కన, కారిడార్‌లో నిలబడి పాడేవారు. లోపల ఉయ్యాల ఊగుతుండేది. కొత్తగా వచ్చినవాళ్ళు అదేదో ఆచారమనుకునేవారు. "గాలి గుమ్మాన నిలబడిందని పాటలోనే ఉంది గదా, అందుకే" అని నవ్వేసి తప్పించుకునేవారు. ఆమె వయసులో అంతసేపు నిలబడితే కాళ్ళు వాచేవి. నలుగురూ పట్టుబట్టి కుర్చీ వేసినా గడప మాత్రం దాటేవారు కాదు.

ఇక్కడ నా వృత్తి గురించి కొంచెం చెప్పుకోవాలి. నేను ఒక ఆరోగ్య బీమా సంస్థలో క్లెయిములు చూస్తాను. మా ఆఫీసు దృష్టిలో పసిబిడ్డ జబ్బంటే ఆసుపత్రిలో చేరిన రోజున పుట్టి, ఇంటికి పంపిన రోజున చచ్చిపోయే వ్యవహారం. బిల్లు వస్తుంది, చెల్లిస్తాం, ఫైలు మూస్తాం. వెన్నెల ఫైలు కూడా అలాగే మూతపడింది. జబ్బు మూతపడలేదు. ఏ చిన్న జలుబు చేసినా ఛాతీలో పిల్లికూతలు, మళ్ళీ క్లినిక్కు, మళ్ళీ ఆవిరి మందు, అప్పుడప్పుడూ మళ్ళీ వార్డు. మూతికి మాస్కు తగిలించి దాని గుండా మందు పీల్పించే గొట్టం మా ఇంట్లో పాలసీసా కంటే ముఖ్యమైన వస్తువు అయింది. పొరుగు దేశపు అడవులు తగలబడి ఇక్కడ పొగ కమ్ముకున్న ఋతువుల్లో కిటికీలకు టేపులంటించి కూర్చునేవాళ్ళం. దగ్గు వినబడితే చాలు, పిల్లను తీసుకెళ్ళమని శిశు కేంద్రం నుంచి ఫోన్. నా సెలవులు అయిపోయాయి, రవి సెలవులు అయిపోయాయి. ఇస్తామన్న పెద్ద ఉద్యోగం అతను వద్దన్నాడు, ఊళ్ళు తిరగాల్సి వస్తుందని. పాలసీ మార్చుకోబోతే శ్వాసకు సంబంధించినదేదీ వర్తించదని నా తోటివాళ్ళే మర్యాదగా రాసి పంపారు. ఇంకో బిడ్డ అనే ఆలోచన మా ఇద్దరి మధ్య నుంచి ఎప్పుడు మాయమైందో నాకు గుర్తు లేదు. ఇవన్నీ ఆ ఒక్క జబ్బు ఖర్చులే. రాసుకోవడానికి మా ఫైళ్ళలో గడులు లేవు, అంతే.

ఆ గడులు లేని ఖర్చులో సగం మోసింది నరసమ్మ ఆంటీ. మొదట్లో మా గేటుకు అన్నం క్యారియర్ తగిలించి, బెల్లు కొట్టి, లిఫ్టు దగ్గరికి వెళ్ళిపోయి అక్కడి నుంచి చెయ్యి ఊపేవారు. తర్వాత కారిడార్‌లో ఒక ఎర్ర ప్లాస్టిక్ స్టూలు వెలిసింది. దాని మీద కూర్చుని గేటు ఊచల్లోంచి వెన్నెలను ఆడించేవారు. హాకర్ సెంటర్ అనే ఇక్కడి తిండిశాలల్లో జనం కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోటు ఆపుకుంటారు, 'చోప్' చేస్తారు కదా, ఆంటీ వెళ్ళేటప్పుడు ఆ స్టూలు మీద ఒక టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళ్ళేవారు. "చోప్ సేసినాను. ఎవరూ కూకోకూడదు!" అని పక్కింటివాళ్ళకు కూడా హెచ్చరిక. ఆ ప్యాకెట్‌ను ఎవరూ ఎప్పుడూ కదపలేదు. ఈ దేశంలో చట్టాలకంటే దానికే మర్యాద ఎక్కువ.

వెన్నెల విషయంలో ఆ ఏడాది కూడా చాలదనుకున్నారు, దానికి రెండేళ్ళు దాటాక గానీ ఆమె మా గడప దాటలేదు. దాటాక ఇక వదల్లేదు. శిశు కేంద్రం నుంచి ఫోన్ వస్తే నేను ఆఫీసు నుంచి ఆమెకు చేసేదాన్ని. ఆమె ఉండే టోవా పాయోలో ఎర్ర లైన్ రైలెక్కితే అది ద్వీపం ఉత్తరమంతా చుట్టి చోవా చూ కాంగ్ చేరుతుంది. మధ్యలో మారితే దగ్గరే, కానీ ఆమెకు ఎస్కలేటర్లంటే భయం, చుట్టుదారినే వచ్చేవారు. "నాకేటమ్మా, ఏసీలో కూకుంటే రైలే మోసుకొస్తాది" అనేవారు. భజన మండలి మానేశారు, స్నేహితులతో మలేసియాలోని తైపింగ్ యాత్ర మానేశారు. నా ఉద్యోగం నిలబడిందంటే ఆ వాచిన కాళ్ళ పుణ్యం. ఆ మాట అంటే "సుమ్మా ఇరు!" అని అరవంలో గదిమేవారు, ఊరుకో అని.

పాట నేర్పించమని అడిగింది వెన్నెలే. ఊపిరి సాధన పిల్లకు మంచిదేనని డాక్టర్ కూడా అన్నారు. ఇద్దరూ కారిడార్‌లో ఎదురెదురుగా కూర్చునేవారు, ఆంటీ ఎర్ర స్టూలు మీద, ఇది చెప్పుల అర మీద. 'లోనికి రమ్మందువా' దాటి కాస్త ముందుకు వెళ్ళేసరికి నా కూతురికి ఊపిరి అందేది కాదు. భుజాలు పైకి లేచేవి, మొహం ఎర్రబడేది. నేను మందు గొట్టం పట్టుకుని పరుగెత్తేదాన్ని. ఆంటీ చెయ్యి అడ్డం పెట్టి నన్ను ఆపేవారు. "నిదానం ఎన్నెలమ్మా. నేను లైన్‌లోనే ఉన్నాను" అని దాని కళ్ళలోకి చూస్తూ కూర్చునేవారు. ఊపిరి తిరిగి వచ్చేది. పాట ఆగిన చోటు నుంచే మళ్ళీ మొదలయ్యేది.

ఒక రోజు వెన్నెల అడిగింది: "ఆంటీ పాటీ, వై డోంట్ యూ క్యారీ బేబీస్?" ఆమెను అది అలాగే పిలిచేది, సగం ఇంగ్లీషు, సగం అరవం; పాటీ అంటే అమ్మమ్మ. ఆమె దాచలేదు. నీ చిన్నప్పుడు నా జలుబు నీకు అంటుకుందేమోనని నా భయం, అందుకే, అని చెప్పేశారు. "బట్ ఐయామ్ ఓకే, లా" అంది పిల్ల. "ఓకే అంటే ఎలా తెలుస్తాది?" అన్నారు ఆమె. అప్పుడు కుదిరింది వాళ్ళిద్దరికీ ఒప్పందం: వెన్నెల ఆ చరణాన్ని ఒకే ఊపిరిలో పాడిన రోజున ఆంటీ మళ్ళీ పసిబిడ్డను ఎత్తుకోవాలి, చెవిలో పాడాలి. చిటికెన వేళ్ళు మెలేసుకుని "డీల్" అనుకున్నారు. నా కూతురు ఆనాటి నుంచి స్నానాల గదిలో పాడింది, బస్సులో పాడింది. ఒక అక్షరం ముందుకు జరిగితే పండగ. మళ్ళీ జలుబు చేస్తే నాలుగు అక్షరాలు వెనక్కి.

ఈ లోపల గోపాల్‌కు కొడుకు పుట్టాడు, ఆంటీకి మొదటి మనవడు. ఆ బారసాలలో కూడా ఆమె సొంత కొడుకు గేటు బయటే నిలబడి పాడారు. కోడలు బిడ్డను చేతుల్లో పట్టుకుని గడప దగ్గరికొచ్చి, "అత్తా, ఒక్కసారి పట్టుకోండి అత్తా, ప్లీజ్" అని ఏడ్చింది. ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నారు. నేను ఉండబట్టలేక ఆ వారమే డాక్టర్ దగ్గరికి లాక్కెళ్ళాను. జలుబు లేనప్పుడు చేతులు కడుక్కుని నిక్షేపంగా ఎత్తుకోవచ్చని, పెద్దవాళ్ళకు దీనికి టీకా కూడా వచ్చిందని, ఈ వైరస్ పసివాళ్ళతో పాటు ముసలివాళ్ళ మీదా పగబడుతుందని, ఆమే జాగ్రత్తగా ఉండాలని ఆయన నచ్చజెప్పారు. "సరే డాక్టర్, ఏస్కుందాం" అన్నారు. బయటికొచ్చాక "ముందు నీ కూతురు పాడనీ. డీల్ అంటే డీలే" అన్నారు. ఆ టీకా ఆ తర్వాత వాయిదాలు పడుతూనే వచ్చింది. మనవడిని ఏడాది నిండాకే ఎత్తుకున్నారు. అప్పటికి వాడు పరుగెత్తుతున్నాడు, ఒళ్ళో రెండు క్షణాలు నిలవలేదు.

గత నెలలో గోపాల్‌కు ఆడపిల్ల పుట్టింది. వెన్నెల ఈసారి పట్టుదలగా ఉంది. చరణంలో చివరి రెండు మాటలే మిగిలాయి. బారసాల రోజుకు పాడి తీరుతానని, పాటీ చేత ఆ పిల్లను ఎత్తిస్తానని బడిలో కూడా చెప్పుకుంది.

బుధవారం సాయంత్రం ఆంటీకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాం. "ఎందుకు రావట్లేదు ఆంటీ, ఇటువైపు చూడటమే మానేశారు" అని నిష్ఠూరమాడాను. "సామాను సర్దుతున్నానమ్మా, ఇల్లంతా పెయింటింగు" అన్నారు. ఆ గొంతు నిండు కుండలా ఉంది. వెన్నెల పాట అందుకుంది, అలవాటైన చోట ఆగిపోయింది. "నిదానం ఎన్నెలమ్మా. నేను లైన్‌లోనే ఉన్నాను." మళ్ళీ పాడింది, మళ్ళీ ఆగింది. ఈసారి అవతలి నుంచి కాసేపు ఏ శబ్దమూ లేదు. సిగ్నల్ పోయిందనుకున్నాను. "ఆంటీ?" అన్నాను. "ఉన్నాను, ఉన్నాను. ఇంకో రెండు మాటలే గదా! వొచ్చేస్తాది" అన్నారు, చక్కగా, తేటగా. ఆ నిశ్శబ్దంలో ఆమె ఏం చేసి ఉంటారో గోపాల్ తర్వాత చెప్పాడు. హోటల్లో ఆపరేటర్లకు దగ్గు వస్తే మాట్లాడే గొట్టాన్ని అరచేత్తో మూసి, తల పక్కకు తిప్పి, దగ్గుకుని, గుక్కెడు నీళ్ళు తాగి మళ్ళీ లైన్‌లోకి వస్తారట. చిన్నప్పుడు అమ్మ ఇంట్లో కూడా అలాగే చేసేదన్నాడు.

పెయింటింగూ లేదు, సర్దడమూ లేదు. వారం రోజులుగా ఆమెకు జలుబు. కొడుకు ఇంట్లో పురిటిబిడ్డ, మా ఇంట్లో వెన్నెల. తనకు ఒంట్లో బాగాలేదని ఎవరికి చెప్పినా వాళ్ళు వచ్చేస్తారు, వచ్చి ఆ జలుబును తమతో ఇళ్ళకు మోసుకుపోతారు. అందుకని ఎవరికీ చెప్పకుండా, కిటికీలు మూసుకుని, ఒంటరిగా ఉండిపోయారు. శుక్రవారం పొద్దున గడప ముందు ముగ్గు కనబడక ఎదురింటి చైనీస్ ఆంటీ తలుపు కొట్టిందట. అంబులెన్స్ వాళ్ళు స్ట్రెచర్ మీదికి చేరుస్తుంటే కూడా ఆవిడను దూరంగా ఉండమని చేత్తో సైగ చేశారట. పరీక్షలో అదే ఆర్‌ఎస్‌వీ అని తేలింది; ఆ రెండు రోజుల ఐసీయూ పరుగుల్లో గోపాల్ మాకెవరికీ చెప్పలేకపోయాడు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం, ఇంకా తగ్గలేదు.

పార్థివ దేహాన్ని టోవా పాయోలో ఆమె ఫ్లాట్ల బ్లాకు కింది ఖాళీ జాగాలో ఉంచారు. సెరంగూన్ రోడ్డు నుంచి తెచ్చిన మల్లెల దండలు గుట్టపడ్డాయి. ఆమె చెవిలో పాడిన పిల్లలు పెద్దవాళ్ళై వచ్చారు. కొందరు యూనిఫారాల్లో, కొందరు తమ పిల్లలతో. పురిటిబిడ్డను చావు దగ్గరికి తేకూడదని కోడలు పాపను ఎత్తుకుని దూరంగా లిఫ్టు దగ్గరే నిలబడింది. పాప బయట ఉంది, నాయనమ్మ లోపల ఉంది.

ఎవరూ అడగలేదు, వెన్నెల తనంతట తానే ముందుకు వెళ్ళింది. ఆమె తల దగ్గర నిలబడి, వంగి, చెవికి పెదవులానించి మొదలుపెట్టింది. గుసగుస కాబట్టి మాకేమీ వినబడలేదు, దాని భుజాలు కనబడుతున్నాయి అంతే. అవి పైకి లేచాయి, ఆగాయి. పాట ఎక్కడ ఆగిందో నాకు తెలిసిపోయింది. నా బిడ్డ అలవాటు కొద్దీ ఆమె మొహం వైపు చూస్తూ కాచుకుంది. నేను ముందుకు వెళ్ళబోయి ఆగిపోయాను. 'నిదానం' అనే హక్కు నాకు లేదు, అక్కడున్న ఎవరికీ లేదు. చాలాసేపటికి దానికి ఊపిరి వచ్చింది. మిగిలిన రెండు మాటలూ పాడి లేచి నిలబడింది.

అమ్మా, అప్పలనరసమ్మగారూ! మీరు మా బిడ్డకు జబ్బు ఇచ్చారో లేదో ఆ భగవంతుడికే తెలియాలి. మీ ఆయుష్షులో ఇన్నేళ్ళు ఇచ్చారన్నది మాకు తెలుసు. ఎన్నో బారసాలలు జరుగుతాయి ఈ ఊళ్ళో, ఎవరో ఒకరు పాడతారు. గుమ్మం బయట మీరు నిలబడే చోటు మాత్రం ఖాళీయే. ఒంట్లో బాగాలేదని ఒక్కసారి చెప్పి ఉంటే ఎంత బాగుండేది ఆంటీ! మేము మాస్కు వేసుకుని, గేటు బయట స్టూలు వేసుకుని కూర్చునేవాళ్ళం కదా, మీ దగ్గర నేర్చుకున్నట్టే.

మండాయ్ శ్మశానవాటిక నుంచి తిరిగొచ్చి స్నానాలు చేశాక, ఆ ఎర్ర స్టూలును లోపలికి తెచ్చేద్దామని రవి కారిడార్‌లోకి వెళ్ళాడు. వెన్నెల అడ్డం నిలబడింది. "నో, నాన్నా. ఐ డిడ్ నాట్ ఫినిష్ ఇన్ వన్ బ్రెత్. సో డీల్ ఇంకా ఉంది, లా" అంది. బడి సంచిలోంచి ఒక టిష్యూ ప్యాకెట్ తీసి స్టూలు మీద పెట్టి, లోపలికొచ్చి గేటు వేసింది.